గాయపడిన, తల్లి తప్పిన వన్యప్రాణుల సంరక్షణ: తరచుగా అడిగే ప్రశ్నలు

గాయపడిన పక్షినో, తల్లి లేని ఉడుత పిల్లనో చేతిలోకి తీసుకోగానే చాలామంది చేసే మొదటి పని నోట్లో నీళ్లు పోయడం, లేదా పాలు పట్టడం. బతకాల్సిన ప్రాణి పోయేది చాలాసార్లు అక్కడే. అందుకే ఒక వరుస ముందుగా గుర్తుపెట్టుకోండి: మొదట వెచ్చదనం, తర్వాత ద్రవాలు, ఆ తర్వాతే తిండి. కింది జవాబుల్లో చాలా వాటికి ఈ వరుసే ఆధారం.

గాయపడిన జంతువు కనిపించింది. మొదట ఏం చేయాలి?

దగ్గరికి పరుగెత్తకండి. కొంచెం దూరంలో ఆగి ఒక నిమిషం చూడండి. రక్తం కారుతోందా, రెక్క వేలాడుతోందా, తల ఒక పక్కకి వాలిందా, ఈగలు ముసురుతున్నాయా, నోరు తెరిచి ఊపిరి తీస్తోందా? ఒక చిన్న వీడియో తీసి దగ్గర్లోని వన్యప్రాణి రెస్క్యూ కేంద్రానికో, వన్యప్రాణి శాఖకో పంపండి. వాళ్లు అడగబోయే ప్రశ్నల్లో సగానికి ఆ వీడియోలోనే జవాబుంటుంది.

జింక, కోతి, అడవి పంది, మాంసాహార జంతువులు, పాములు, గబ్బిలాలు, పెద్ద గద్దలు మీరు పట్టుకోవాల్సినవి కావు. వాటి చుట్టూ జనం మూగకుండా, కుక్కలు రాకుండా చూడటమే మీరు చేయగలిగిన గొప్ప సాయం. చిన్న పక్షులు, ఉడుతల లాంటివైతే మీద తువ్వాలు కప్పి, తువ్వాలుతో సహా ఎత్తి అట్టపెట్టెలో పెట్టొచ్చు. కళ్లు కప్పగానే చాలా జంతువులు పెనుగులాట తగ్గిస్తాయి.

దొరికిన చోటు, సమయం, ఏ స్థితిలో దొరికింది అన్నవి కాగితం మీద రాసి పెట్టె మీద అంటించండి. తిరిగి విడిచేటప్పుడు ఆ చోటు కచ్చితంగా తెలియాలి. "ఊరి చివర" అని రాస్తే పనికిరాదు. ఫోన్ మ్యాప్‌లో గుర్తు పెట్టి పంపితే మరీ మంచిది.

పిల్ల ఒంటరిగా కనిపిస్తోంది. అది నిజంగా తల్లి తప్పిందేనా?

చాలాసార్లు కాదు. తల్లి తిరిగొచ్చేలోపే దయగల మనుషులు ఎత్తుకుపోయిన పిల్లలు రెస్క్యూ కేంద్రాలకు ఏటా వస్తూనే ఉంటాయి. అవి అనాథలు కావు, మనం అనాథలను చేసినవి.

జింక తన పిల్లను గడ్డిలో పడుకోబెట్టి గంటల తరబడి దూరంగా మేస్తుంది. అలా దూరంగా ఉంటేనే తల్లి వాసన పట్టి వేటజంతువు పిల్ల దగ్గరికి రాదు. పిల్ల కదలకుండా, చప్పుడు చేయకుండా పడుకుని ఉందంటే అంతా సవ్యంగా ఉందని అర్థం. అదే పిల్ల అరుస్తూ తిరుగుతుంటే, ఒంటి మీద గాయమో ఈగల గుడ్లో కనిపిస్తే, చచ్చిపోయిన తల్లి పక్కనే ఉంటే అప్పుడు సాయం కావాలి. అడవి కుందేలు తల్లి కూడా రోజులో ఒకటి రెండు సార్లు, ఎక్కువగా మసక వెలుతురులోనే, వచ్చి పాలిచ్చి వెళ్లిపోతుంది.

పక్షుల్లో రెండు దశలు గుర్తుపట్టాలి. ఒంటి మీద ఈకలు లేక, లేదా ఈకలు ఇంకా గొట్టాల్లా ఉండి, నిలబడలేకపోతే అది గూటి పిల్ల. దాని చోటు గూడే, తిరిగి గూటిలో పెట్టాలి. ఒంటి నిండా ఈకలుండి, తోక పొట్టిగా ఉండి, గెంతుతూ కొమ్మను కాళ్లతో గట్టిగా పట్టుకోగలిగితే అది రెక్కలొచ్చిన పిల్ల. ఎగరడం నేర్చుకునే రోజుల్లో అది నేల మీదే ఉంటుంది, తల్లిదండ్రులు అక్కడికే వచ్చి తినిపిస్తాయి. దాన్ని ఇంటికి తీసుకెళ్లకండి. పిల్లులు, వాహనాలు తిరిగే చోటైతే దగ్గర్లోని పొద మీదకో కొమ్మ మీదకో చేర్చి పక్కకు తప్పుకోండి.

మనిషి ముట్టుకుంటే తల్లి దగ్గరికి రానివ్వదంటారు కదా?

పక్షుల విషయంలో అది నిజం కాదు. మన వాసన తగిలిందని పిల్లల్ని వదిలేసే పక్షులు లేవు. ఉడుత తల్లులు కూడా మనిషి చేతుల్లో ఉన్న పిల్లల్ని తిరిగి తీసుకెళ్తాయి. తల్లి రాకపోవడానికి అసలు కారణం సాధారణంగా మనమే. పక్కనే నిలబడి చూస్తుంటాం, అది రాదు.

గూడు కిందపడిపోయింది. పిల్లల్ని తిరిగి ఎలా చేర్చాలి?

పిల్లలు చల్లగా ఉంటే ముందు వెచ్చబెట్టండి. చల్లబడిన పిల్ల నోరు తెరవదు, అరవదు. అరవని పిల్లకు తల్లి తినిపించదు.

పాత గూడు బాగుంటే దాన్నే మళ్లీ కట్టండి. చెదిరిపోతే అంతే పరిమాణం ఉన్న ప్లాస్టిక్ గిన్నెకో చిన్న బుట్టకో అడుగున వాన నీళ్లు పోయేలా నాలుగైదు రంధ్రాలు చేసి, లోపల ఎండు గడ్డి, పాత గూటి పుల్లలు పరచండి. పచ్చి గడ్డి వద్దు, తేమతో పిల్లలు చల్లబడతాయి. అడుగు గిన్నెలా గుంటగా ఉండాలి. చదునుగా ఉంటే కాళ్లు చెరోపక్కకు జారి వంకరపోతాయి. పాత గూడున్న చోటుకి ఒకటి రెండు మీటర్ల లోపు, ఎండ నేరుగా తగలని కొమ్మకు తీగతో గట్టిగా కట్టి, ఇంట్లోంచో దూరంగా చెట్టు చాటు నుంచో గంట, రెండు గంటలు గమనించండి. తల్లి వచ్చి తినిపిస్తే మీ పని అయిపోయినట్టే.

ఉడుత పిల్లలైతే మూతలేని పెట్టెలో, గుడ్డలో చుట్టిన వేడినీళ్ల సీసాతో పాటు పెట్టి, పడిన చెట్టు మొదట్లో ఉంచండి. పగటివేళ రెండు మూడు గంటలు చూడాలి. చీకటి పడితే పిల్లల్ని లోపలికి తెచ్చి వెచ్చగా ఉంచి మళ్లీ తెల్లవారుజామున పెట్టండి, ఎందుకంటే ఉడుతలు రాత్రి తిరగవు. గాయపడిన పిల్లనూ, పిల్లి నోట పడిన పిల్లనూ మాత్రం ఇలా పెట్టకూడదు. అది నేరుగా చికిత్సకు వెళ్లాలి.

పెట్టె ఎలా సిద్ధం చేయాలి?

జంతువు నిలబడి తిరగడానికి సరిపడా, అంతకన్నా పెద్దది కాని అట్టపెట్టె. గాలి రంధ్రాలు జంతువును లోపల పెట్టకముందే, లోపలి నుంచి బయటికి పొడవండి. అడుగున నున్నటి గుడ్డ వేయండి. ఉంగరాల్లాంటి పోగులుండే తువ్వాలు వేస్తే గోళ్లు చిక్కుకుని వేళ్లు విరుగుతాయి. తీగ పంజరం వద్దు. పక్షి కమ్మీలకు కొట్టుకుని రెక్కల ఈకలు విరిగితే, తర్వాతి ఈకల మార్పిడి దాకా కొత్తవి రావు. ఎముక అతుక్కున్నా ఎగరలేక నెలల తరబడి కేంద్రంలో ఉండిపోవాల్సి వస్తుంది.

వేడి పెట్టెలో సగానికే ఇవ్వాలి. హీటింగ్ ప్యాడ్‌ను తక్కువ వేడిలో పెట్టె సగం కిందికి వచ్చేలా ఉంచితే, ఎక్కువైనప్పుడు జంతువు రెండో సగంలోకి జరుగుతుంది. కదల్లేని పిల్లకు ఆ అవకాశం లేదు కాబట్టి దాని పక్కనే థర్మామీటర్ పెట్టండి. బొచ్చు రాని పిల్లలకు, ఈకలు రాని పక్షి పిల్లలకు 32 నుంచి 35 డిగ్రీల సెల్సియస్ ఉండాలి. బొచ్చు వచ్చి కళ్లు తెరవని వాటికి, జబ్బుతో ఉన్న పెద్ద పక్షులకు 28 నుంచి 30 డిగ్రీలు చాలు. వేడినీళ్ల సీసా వాడితే ఒక జాగ్రత్త: చల్లారిన సీసా పిల్ల ఒంట్లోని వేడిని లాగేస్తుంది. గంటకోసారి తాకి చూసి మార్చండి. నోరు తెరిచి రొప్పుతుంటే, కాళ్లు చాపి పడుకుంటే వేడి ఎక్కువైనట్టు. తలకు దెబ్బ తగిలిందనుకున్న జంతువుకు అదనపు వేడి ఇవ్వకండి.

మూత వేసి, చీకటిగా, చప్పుడు లేని గదిలో పెట్టాక మళ్లీ మళ్లీ తెరిచి చూడకండి. మనం ప్రేమగా నిమురుతున్నప్పుడు కదలకుండా ఉందంటే దానికి నచ్చిందని కాదు, భయంతో బిగుసుకుపోయిందని. ఆ ప్రాణికి మనం వేటజంతువులమే.

నీళ్లు, పాలు వెంటనే ఎందుకు ఇవ్వకూడదు?

మూడు కారణాలున్నాయి. మొదటిది ఊపిరితిత్తులు. పక్షి నాలుక మొదట్లోనే శ్వాసనాళం నోరు తెరుచుకుని ఉంటుంది. ముక్కులోకి బొట్లు వేస్తే, ముక్కు తెరిచి నీళ్లు పోస్తే నేరుగా అందులోకే దిగుతాయి. స్పృహ సరిగా లేని జంతువు ఏదైనా అంతే, మింగలేదు. వెంటనే చావకపోయినా రెండు మూడు రోజుల్లో న్యుమోనియాతో పోతుంది.

రెండోది చలి. ఒళ్లు చల్లబడిన జంతువు పేగులు కదలవు. లోపలికి వెళ్లిన పాలు అరగవు, అక్కడే పులిసి కడుపు ఉబ్బుతుంది.

మూడోది ఎన్నో రోజులుగా తిండి లేని జంతువుకు ఒక్కసారిగా కడుపునిండా పెట్టడం. చక్కెర ఒక్కసారిగా రక్తంలోకి రాగానే ఇన్సులిన్ పెరిగి, రక్తంలోని ఫాస్ఫేట్, పొటాషియం, మెగ్నీషియం కణాల్లోకి వెళ్లిపోతాయి. గుండె లయ తప్పుతుంది. నిన్న ఆబగా తిన్న గద్ద ఇవాళ పొద్దున చచ్చి పడి ఉండటానికి తరచూ ఇదే కారణం. ఎముకలు తేలిన జంతువుకు ముందు ద్రవాలు, తర్వాత తేలిగ్గా అరిగేది కొద్దికొద్దిగా, కొన్ని రోజుల మీద పూర్తి ఆహారం.

ఆవు పాలు, గేదె పాలు చిన్న క్షీరదాలకు పడవు. లాక్టోజ్ (పాలలోని చక్కెర) ఎక్కువ, వాటికి కావలసిన కొవ్వు తక్కువ. విరేచనాలు పట్టుకుంటాయి, 20 గ్రాముల పిల్ల ఒంట్లోని నీరు పోవడానికి ఒక్క రోజు చాలు. పక్షులైతే అసలు పాలు తాగే జాతి కావు. పాలలో నానబెట్టిన బ్రెడ్ ఏ పక్షికీ పెట్టకండి.

ఒంట్లో నీరు తగ్గిందని ఎలా తెలుస్తుంది? ఎంత ఇవ్వాలి?

క్షీరదంలో భుజాల మధ్య చర్మం చిటికెడు పట్టి వదిలితే వెంటనే సర్దుకోవాలి. గుడారంలా నిలిచి నెమ్మదిగా దిగితే నీరు తగ్గినట్టు. చిగుళ్లు జిగటగా ఉండటం, కళ్లు లోపలికి పోవడం, నోట్లో తీగల్లా సాగే ఉమ్మి ఇంకా తీవ్రమైన గుర్తులు. రెస్క్యూకి వచ్చిన జంతువులన్నిటికీ కనీసం కొంత నీరు తగ్గి ఉంటుందనే అనుకుని మొదలుపెట్టడం మంచిది.

లెక్క ఇలా ఉంటుంది. కిలో బరువున్న పక్షికి 10 శాతం నీరు తగ్గిందనుకుందాం. లోటు 100 మిల్లీలీటర్లు. రోజువారీ అవసరం కిలోకి సుమారు 50 మిల్లీలీటర్లు. మొదటి రోజు లోటులో సగం, దాంతోపాటు రోజువారీ అవసరం, మొత్తం 100 మిల్లీలీటర్లు, మూడు నాలుగు విడతలుగా. మిగిలిన లోటు తర్వాతి రెండు రోజుల్లో 25 చొప్పున, రోజువారీ అవసరంతో కలిపి. వాడేది ఎక్కువగా రింగర్స్ లాక్టేట్ అనే లవణ ద్రవం. ఎక్కించే ముందు 38 డిగ్రీలకు వేడి చేయాలి. చల్లటి ద్రవం చర్మం కింద ఎక్కిస్తే లోపలికి ఇంకదు, పైగా ఒంటిని మరింత చల్లబరుస్తుంది. సూదితో ఎక్కించడం శిక్షణ ఉన్నవాళ్ల పని. పక్షి ఒంట్లో గాలి సంచులుంటాయి, సూది తప్పు చోట దిగితే ద్రవం అందులోకి పోతుంది.

ఉడుత పిల్లకు పాలు ఎలా పట్టాలి?

కేంద్రానికి చేర్చడానికి ఎలాగూ వీలుకాక, వాళ్లు ఫోన్‌లో దారి చూపిస్తున్నప్పుడే ఇది మీ పని.

మొదటి విడతలో పాలు ఇవ్వకండి, గోరువెచ్చటి ఎలక్ట్రోలైట్ ద్రవం (లవణాలు కలిపిన నీరు) మాత్రమే. ఆ తర్వాత కుక్కపిల్లల కోసం అమ్మే పాలపొడిని కలిపి, మొదట నాలుగో వంతు పాలు మూడు వంతుల ద్రవం, తర్వాత సగం సగం, తర్వాత మూడు వంతుల పాలు, ఇలా ఒకటి రెండు రోజుల్లో పూర్తి పాలకు రావాలి. ఒక్కో విడతకి శరీర బరువులో 5 శాతం మించకూడదు. 30 గ్రాముల పిల్లకు ఒకటిన్నర మిల్లీలీటర్లు. అందుకే గ్రాముల్లో తూచే త్రాసు లేకుండా ఈ పనికి దిగొద్దు. రోజూ ఒకే వేళకు, పాలు పట్టకముందు తూచి రాసుకోవాలి. వరుసగా రెండు రోజులు బరువు పెరగకపోతే ఎక్కడో పొరపాటు జరుగుతోంది. కళ్లు తెరవని పిల్లకు రెండు మూడు గంటలకోసారి పట్టాలి, రాత్రి ఒకటి రెండు విడతలు కూడా.

వాడేది ఒక మిల్లీలీటరు సిరంజి, కొనకి చిన్న రబ్బరు నిపుల్. పిల్లను వెల్లకిలా పడుకోబెట్టొద్దు. పొట్ట కింద ఉండేలా, తల కొంచెం పైకెత్తి, గుడ్డలో చుట్టి పట్టుకోండి. ముంగాళ్లు సిరంజిని పట్టుకోవడానికి బయటే ఉండనివ్వండి. బొట్టు బొట్టుగా, అది చప్పరించే వేగానికి తగ్గట్టు తోయండి. ముక్కు రంధ్రాల్లో పాల బుడగ కనిపించిందా, ఆ క్షణమే ఆపండి. తలను కిందికి వంచి, ముక్కు దగ్గర పలచటి కాగితంతో అద్దండి. ఊపిరి నెమ్మదించాకే మళ్లీ, ఈసారి ఇంకా నెమ్మదిగా. ఆ తర్వాతి రోజుల్లో ఊపిరిలో టిక్ టిక్ మని చప్పుడొస్తే వైద్యుడికి చూపించాలి.

పాలయ్యాక తడి దూదితో పొట్ట కింద, మలమూత్ర ద్వారం దగ్గర మెల్లగా తుడవాలి. కళ్లు తెరవని పిల్లలు తమంతట తాము మూత్రం పోయలేవు, తల్లి నాకితేనే పోస్తాయి. ఈ పని మర్చిపోతే మూత్రాశయం ఉబ్బి పగిలిపోవచ్చు. మూతికంటిన పాలు కూడా తుడవండి, ఎండితే పుండు పడి బొచ్చు రాలుతుంది.

ఇదే పద్ధతి మిగతా జంతువులకు కూడానా?

కాదు. గిట్టల జంతువుల పిల్లలకు పుట్టిన తొలి 24 గంటల్లో జున్నుపాలు అందకపోతే రోగనిరోధక శక్తే ఉండదు. జింక పిల్లలకు మేకపాలు తరచుగా వాడతారు. కోతి పిల్లలకు మనుషుల పసిపిల్లల పాలపొడి సరిపోతుంది. ఏ జాతో గుర్తుపట్టకుండా ఏదీ పట్టొద్దు.

పక్షి పిల్లలకు ఏం పెట్టాలి?

జాతిని బట్టి మొత్తం మారిపోతుంది. గోరింక, బుల్‌బుల్ లాంటి నోరు తెరిచే పిల్లలకు పురుగులు, నానబెట్టిన మంచి రకం పిల్లి తిండి ఆధారం. ఈకలు రానివాటికి అరగంటకోసారి, పొద్దున్నుంచి సాయంత్రం దాకా 12 నుంచి 14 గంటలు. రాత్రి అక్కర్లేదు. పావురం పిల్ల నోరు తెరవదు, తల్లి గొంతులోకి ముక్కు దూర్చి తింటుంది. దానికి మెడ కింద తిండి నిలిచే క్రాప్ సంచి ఖాళీ అయ్యాకే మళ్లీ పెట్టాలి. నిండుగా ఉండగా పెడితే పాతది పులిసిపోతుంది. తిండి 38 నుంచి 40 డిగ్రీల వేడిలో ఉండాలి. అంతకన్నా బాగా వేడిగా ఉంటే క్రాప్ కాలి రంధ్రం పడుతుంది, కాబట్టి వేలితో కాకుండా థర్మామీటర్‌తో చూడండి.

తరచూ జరిగే తప్పు కాల్షియం లోటు. ఎముకల్లేని మాంసం ముక్కలు, ఊరికే పురుగులు పెడితే ఫాస్ఫరస్ ఎక్కువై కాల్షియం అందదు. పెరిగే పిల్లలకు కాల్షియం ఫాస్ఫరస్ కన్నా రెండింతల దాకా ఉండాలి. లేకపోతే పిల్ల బాగానే తింటుంది, బరువూ పెరుగుతుంది, ఒకరోజు కాళ్లు వంగి నిలబడలేకపోతుంది. గుడ్లగూబ, గద్ద పిల్లలకు ఎముకలతో సహా మొత్తం ఎరను ముక్కలు చేసి పెట్టేది ఇందుకే.

పిల్లి నోట్లోంచి విడిపించాను. గాయమేమీ లేదు. వదిలేయొచ్చా?

వద్దు. పిల్లి కోరలు సూదుల్లాంటివి. చర్మం మీద చుక్కంత రంధ్రం, ఈకల కింద కనిపించదు. నోట్లోని పాశ్చురెల్లా బ్యాక్టీరియా లోపలికి దిగి రక్తంలో కలిస్తే చిన్న పక్షి ఒకటి రెండు రోజుల్లో చనిపోతుంది. పిల్లి నోట పడిన ప్రతి జంతువుకూ, గాయం కనిపించినా కనిపించకపోయినా, అదే రోజు యాంటీబయాటిక్ మొదలవ్వాలి. ఏది, ఎంత అన్నది వైద్యుడే చెప్పాలి. ప్రొకేన్ పెన్సిలిన్ లాంటి మామూలు మందు కూడా చిన్న పక్షులకు విషమే.

రెక్క విరిగింది. ఇంట్లో కట్టు కట్టొచ్చా?

తీసుకెళ్లే దారిలో రెక్క కొట్టుకోకుండా చూస్తే చాలు. చీకటి పెట్టెలో చాలా పక్షులు వాటంతటవే రెక్క కదపవు. కట్టాల్సే వస్తే రెక్కను సహజంగా మడిచి, తనకు తానే అంటుకునే బ్యాండేజ్‌తో ఎనిమిది అంకె ఆకారంలో చుడతారు. ఛాతీ చుట్టూ బిగించకూడదు. పక్షికి మనలా ఊపిరి లాగే డయాఫ్రమ్ లేదు, ఛాతీ ఎముక ముందుకీ వెనక్కీ కదిలితేనే గాలి ఆడుతుంది. గట్టిగా చుట్టామా, ఊపిరాడక పోతుంది. ప్లాస్టర్ టేపు ఈకల్ని పీకేస్తుంది, వాడొద్దు.

ఎముక బయటికొచ్చిన గాయం ఎండిపోకుండా సెలైన్‌తో తడిపిన గాజుగుడ్డ కప్పండి. భుజం దగ్గరి ఎముకైతే గాయంలోకి ద్రవం పిచికారీ చేయొద్దు. చాలా పక్షుల్లో ఆ ఎముక బోలుగా ఉండి శ్వాస వ్యవస్థతో కలిసి ఉంటుంది.

పక్షి ఎముక మూడు వారాల్లో అతుక్కోవచ్చు. కానీ కట్టు అంతకాలం కదపకుండా ఉంచితే కీలు బిగుసుకుంటుంది, రెక్క ముందు అంచు పొర ముడుచుకుపోతుంది. అందుకే మధ్యమధ్యలో వైద్యుడు మత్తిచ్చి రెక్కను సాగదీస్తాడు. కీలు దగ్గరే విరిగితే మళ్లీ ఎగిరే అవకాశం చాలా తక్కువ.

దారంలో, వలలో, జిగురు అట్టకి చిక్కుకున్న జంతువును ఎలా విడిపించాలి?

దారాన్ని లాగొద్దు. జంతువుకు రెండు వైపులా దారాన్ని కత్తిరించి, ఒంటిలోకి దిగిన భాగం అలాగే ఉంచి వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లండి. విడిపించగానే ఎగిరిపోయేలా కనిపించినా వెంటనే వదలొద్దు. దారం బిగిసిన చోట రక్తం ఆగి చచ్చిన కండ కొన్ని రోజుల తర్వాతే నల్లబడుతుంది. కనీసం వారం గమనించాలి.

జిగురు అట్ట నుంచి పీకితే చర్మం, ఈకలు అట్టకే ఉండిపోతాయి. ఖాళీగా ఉన్న జిగురు మీద కాగితం లేదా ఇసుక పరిచి ఇంకా అంటుకోకుండా చేసి, అట్టతో సహా పెట్టెలో పెట్టండి. కేంద్రంలో వంట నూనెతో కొంచెం కొంచెంగా వదిలించి, ప్రాణి తేరుకున్నాక గిన్నెల సబ్బుతో కడుగుతారు. కిరోసిన్, పెట్రోలు, థిన్నర్ ముట్టించకండి.

కిటికీ అద్దానికి గుద్దుకున్న పక్షి, కరెంటు తీగకు తగిలిన పక్షి?

అద్దానికి తగిలినదాన్ని చీకటి పెట్టెలో గంట, రెండు గంటలు ఉంచి, ఆరుబయట మూత తీయండి. చేతిలోంచి గాల్లోకి విసరకండి. బలంగా ఎగిరితే సరే, లేకపోతే వైద్యుడికి చూపించాలి.

కరెంటు దెబ్బ మోసం చేస్తుంది. మొదటి రోజు చిన్న మచ్చే ఉంటుంది. రక్తనాళాలు లోపల కాలిపోయి ఉంటే మూడు నాలుగు రోజుల్లో కాలో రెక్కో నల్లబడి ఎండిపోతుంది. తీగకు వేలాడుతున్న గబ్బిలాన్నో కోతినో కరెంటు ఆపకుండా కర్రతో కూడా ముట్టుకోవద్దు. చచ్చిన తల్లి గబ్బిలం రెక్కల కింద బతికున్న పిల్ల ఉండొచ్చు, విద్యుత్ సిబ్బంది దించాక తప్పకుండా చూడమనండి.

ఇంట్లో ఉన్న నొప్పి మందు ఇవ్వొచ్చా?

ఏదీ ఇవ్వొద్దు. పారాసెటమాల్ పిల్లి జాతికి విషం. డైక్లోఫెనాక్ అనే నొప్పి మందు వాడిన పశువుల కళేబరాలు తిని దక్షిణాసియాలో రాబందులు దాదాపు తుడిచిపెట్టుకుపోయాయి. 2006లో భారత్, నేపాల్, పాకిస్తాన్ దాన్ని పశువైద్యంలో నిషేధించాయి. పురుగులకు వాడే ఐవర్‌మెక్టిన్ తాబేళ్లను చంపుతుంది.

జింకను సురక్షితంగా పట్టాం, గాయం కూడా లేదు. రెండు రోజులకు ఎందుకు చనిపోయింది?

పట్టుకోవడమే కారణం కావొచ్చు. ప్రాణభయంతో పరుగెత్తి, పెనుగులాడినప్పుడు కండరాల్లో ఆమ్లం పేరుకుని కండ కణాలు పగులుతాయి. వాటిలోని మయోగ్లోబిన్ అనే ప్రోటీన్ రక్తంలో కలిసి మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. మూత్రం ముదురు గోధుమ రంగులోకి మారుతుంది, వెనక కాళ్లు బిగుసుకుంటాయి. గంటల్లో చావొచ్చు, వారం రెండు వారాల తర్వాతైనా చావొచ్చు. జింకలు, పొడవు కాళ్ల పక్షుల్లో ఇది ఎక్కువ. వచ్చాక నయం చేయడం చాలా కష్టం, రాకుండా చూడటమే మార్గం. ఎండ వేళ తరమకూడదు, పట్టు కొన్ని నిమిషాల్లో ముగియాలి, కళ్లకు గంతలు కట్టాలి, పది మంది చుట్టూ మాట్లాడకూడదు. వీడియో కోసం ఇంకో నిమిషం పట్టుకోమని అడిగేవాళ్లను అక్కడి నుంచి పంపేయాలి.

కరిచింది, గీరింది. ఏం చేయాలి?

సబ్బు, పారే నీళ్లతో 15 నిమిషాలు కడగండి. గడియారం చూసి కడగాలి, ఎందుకంటే 15 నిమిషాలు మనం అనుకున్నదానికన్నా ఎక్కువ సేపు. పొవిడోన్ అయోడిన్ అనే క్రిమిసంహారక మందు రాసి, అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి. రేబిస్ లక్షణాలు కనిపించాక దాదాపు ఎవరూ బతకరు. లక్షణాల ముందు టీకా, అవసరమైతే ఇమ్యునోగ్లోబులిన్ (వైరస్‌ను అడ్డుకునే ప్రతిరక్షకాల మందు) పడితే ఆపొచ్చు. గబ్బిలం కాటు కంటికి కనిపించకపోవచ్చు కాబట్టి ఒట్టి చేత్తో పట్టుకున్నా డాక్టరుకి చెప్పాలి. కోతి కరిచిందని చెప్పేటప్పుడు ఏ కోతో కూడా చెప్పండి. మకాక్ జాతి కోతుల్లో (కొండముచ్చులు కాని, మన ఊళ్లలో తిరిగే మామూలు కోతులు) హెర్పిస్ బి వైరస్ ఉండొచ్చు, దానికి విడిగా మందు ఆలోచించాలి.

తాబేలు చిప్ప పగిలింది. అంటించేయొచ్చా?

జిగురుతో మూసేస్తే మట్టి, బ్యాక్టీరియా లోపలే ఉండిపోయి కుళ్లుతుంది. విడిపోయిన ముక్కలు పారేయకండి. శుభ్రమైన గుడ్డతో వదులుగా కప్పి, పొడి పెట్టెలో తీసుకెళ్లండి. నీటి తాబేలైనా సరే నీళ్లలో పెట్టొద్దు, పగులులోంచి నీరు లోపలికి పోతుంది. కదలకపోతే చచ్చిందనుకోవద్దు. గుండె చాలా నెమ్మదిగా కొట్టుకుంటుంది, వైద్యుడే తేల్చాలి. చిప్ప మానడానికి నెలలు పడుతుంది. గాయం లేకుండా రోడ్డు దాటుతున్న తాబేలును అది వెళ్తున్న వైపే అవతలి పక్కన వదలండి, వేరే చెరువుకి తీసుకెళ్లకండి.

పిల్లతో మాట్లాడితే, ఆడిస్తే తప్పేంటి?

దాని భవిష్యత్తు పోతుంది. కొన్ని పక్షులు పుట్టిన తొలి రోజుల్లో చూసినదాన్నే తమ జాతి అనుకుంటాయి. మనిషిని అలా అనుకున్న గుడ్లగూబ పెద్దయ్యాక జతకట్టదు, మనుషుల తల మీద వాలుతుంది, భయపడిన వాళ్లు కొట్టి చంపుతారు. మనుషుల మధ్య పెరిగిన మగ జింక పెద్దయ్యాక కొమ్ములతో పొడుస్తుంది. అందుకే పిల్లను వీలైనంత త్వరగా అదే జాతి పిల్లలతో కలపాలి. తినిపించేటప్పుడు ముఖం కప్పుకోవాలి, మాట్లాడకూడదు, కుక్కలకూ పిల్లులకూ దాన్ని అలవాటు చేయకూడదు. పేరు పెట్టొద్దు, నంబరు చాలు.

ఇంట్లోనే పెంచుకుంటే?

చాలా దేశాల్లో అనుమతి లేకుండా వన్యప్రాణిని ఉంచుకోవడం నేరం. చట్టం సంగతి పక్కన పెట్టినా, పైన చెప్పిన కాల్షియం లోటు, మచ్చిక సమస్యలు ఎక్కువగా ఇంట్లో పెంచిన వాటిలోనే చూస్తాం. రవాణాకు పట్టే సమయం మించి ఉంచకండి.

ఎప్పుడు, ఎలా విడిచిపెట్టాలి?

గాయం మానితే సరిపోదు. తన తిండి తాను పట్టుకోగలగాలి, శత్రువును చూసి పారిపోగలగాలి, మనిషికి భయపడాలి. గద్దను పెద్ద పంజరంలో అలసిపోకుండా పదే పదే ఎగిరేలా, మలుపు తిరిగేలా చూస్తారు. గుడ్లగూబ చప్పుడు లేకుండా ఎగరాలి, చీకట్లో ఎర పట్టాలి. నీటి పక్షి ఈకల్లోకి నీరు ఇంకకూడదు. బరువు ఆ జాతికి ఉండాల్సినంత ఉండాలి.

పెద్ద జంతువును దొరికిన చోటే విడవాలి. దాని నీళ్లు, దాగే చోట్లు, జత అక్కడే ఉన్నాయి. కొత్త చోట అప్పటికే ఉన్నవి తరిమేస్తాయి, వ్యాధి కూడా చోటు మారుతుంది. చేత్తో పెంచిన పిల్లలకు మాత్రం నెమ్మది విడుదల కావాలి. విడిచే చోటే ఒకటి రెండు వారాలు పంజరంలో ఉంచి, తలుపు తెరిచి, అవి రావడం మానేదాకా తిండి పెడుతూనే ఉండాలి. పగటి జంతువులను పొద్దున్నే, రాత్రి తిరిగేవాటిని మునిమాపున, రాబోయే రెండు మూడు రోజులు వాన, తుపాను లేకుండా చూసుకుని వదలాలి.

కోలుకోదని తెలిస్తే?

రెక్క తీసేసిన అడవి గద్ద, నడుం విరిగిన జింక జీవితాంతం పంజరంలో భయంతో బతకడాన్ని మేము కాపాడటం అనుకోము. నొప్పి తగ్గే దారి, తిరిగి అడవికి వెళ్లే దారి రెండూ మూసుకుపోయాయని వైద్యుడు తేలిస్తే, నొప్పి లేకుండా ప్రాణం తీయడమే దానికి చేయగలిగిన మేలు. తెచ్చినవాళ్లకు ఇది బాధ కలిగిస్తుంది. దాచకుండా కారణం చెప్పాలి.

ఈ పనిలో చేరాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

ముందుగా రేబిస్ టీకా. కాటుకు ముందే వేసుకునే టీకాకు 2018 నుంచి ప్రపంచ ఆరోగ్య సంస్థ రెండు డోసులు, మొదటి రోజు ఒకటి, అది వేసిన ఏడు రోజులకు ఇంకొకటి చాలంటోంది. ధనుర్వాతం టీకా కూడా. తొలి నెలలు గిన్నెలు కడగడం, గుడ్డలు మార్చడం, తూకాలు రాయడంతోనే గడుస్తాయి. దాన్ని చిన్న పనిగా చూడకండి. శుభ్రత తప్పితే ఒక పిల్ల విరేచనాలు రాత్రికి రాత్రి గదంతా పాకుతాయి, రాసిన తూకమే రేపు ఏ పిల్లకు ముందు వైద్యుడు కావాలో చెబుతుంది. కొత్తగా వచ్చిన జంతువుల దగ్గర పని చివర చేయండి, ఆరోగ్యంగా ఉన్నవాటి దగ్గర ముందు.